తీసేవారొకరు, కడిగేవారొకరు: ప్రయోగాత్మక ఛాయాచిత్రంలో జంట కళాకారులు

తెలుగులో ఫొటోకు రెండు క్రియలున్నాయి. ఫొటోను తీస్తారు, తరువాత కడుగుతారు. డిజిటల్ కెమెరాలు రాకముందు రీలు అయిపోగానే దాన్ని స్టూడియోలో ఇచ్చి కడిగించుకు రావడం ప్రతి ఇంట్లోనూ తెలిసిన పని. ఆ రెండు క్రియలకు కర్తలు కూడా చాలాచోట్ల ఇద్దరుండేవారు. తిరుపతిలో కొండ దిగివచ్చిన కుటుంబాలు గుండ్లతో, నామాలతో, గోపురం గీసిన తెర ముందు వరుసగా నిలబడితే, ముందు గదిలో లైట్లు సర్ది మీట నొక్కేవారు ఒకరు. వెనక చీకటిగదిలో ఎర్రదీపం వెలుతురులో కాగితాన్ని ట్రేలో ఆడిస్తూ బొమ్మ ఎప్పుడు తేలుతుందా అని చూసేవారు మరొకరు. నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో ముఖంలోని మచ్చలు దిద్దే టచింగ్ పనివారు ఇంకొకరు. స్టూడియో బోర్డు మీద మాత్రం ఒక్క పేరే ఉండేది.

ఛాయాచిత్రకళ చరిత్ర కూడా చాలాకాలం ఆ బోర్డు లాగానే రాయబడింది. ఆ అలవాటుకు లొంగని శాఖ ఒకటుంది. ఎదుటనున్న వస్తువును ఉన్నదున్నట్టు చూపడంతో సరిపెట్టుకోక, కాంతి, రసాయనం, కాగితం, కెమెరా అనే సాధనాలనే పరీక్షకు పెట్టే పనిని ప్రయోగాత్మక ఛాయాచిత్రం అంటున్నాం. ఈ రంగంలో ఇద్దరు కలిసి ఒకే సంతకంతో పనిచేసిన జంటలు తరచుగా కనిపిస్తాయి. దీనికి స్నేహం, దాంపత్యం, ఖర్చు పంచుకోవడం వంటి కారణాలు చెప్పవచ్చు గాని అవి పైపై కారణాలు. అసలు కారణం ప్రయోగం స్వభావంలోనే ఉంది. ప్రయోగానికి ముడిసరుకు పొరపాటు. పనిలో చేతులు మునిగి ఉన్నవారికి పొరపాటు చెడిపోయిన కాగితంగానే కనబడుతుంది. దాన్ని పారేయకుండా ఆపి, ఇది మళ్లీ వస్తుందా అని అడగడానికి పక్కన రెండో కన్ను కావాలి. మళ్లీ రప్పించగలిగినప్పుడే పొరపాటు పద్ధతిగా మారుతుంది.

ఈ సంగతి అర్థం చేసుకోవడానికి తిరుపతి నుంచి ముప్పై నలభై కిలోమీటర్లు తూర్పుగా, శ్రీకాళహస్తి దాకా వెళ్తే చాలు. నిన్నమొన్నటి వరకు చిత్తూరు జిల్లాలో ఉండి 2022 నుంచి తిరుపతి జిల్లాలో చేరిన ఆ ఊరి కలంకారీ పని, కెమెరా లేని ఛాయాచిత్రకళకు ఆశ్చర్యకరమైనంత దగ్గరి చుట్టం. కోరా గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో తెల్లబరిచి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీత పాకిపోకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు గుడ్డ పోగుల్లో చేరి కూర్చుంటుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెట్టి తీసిన కసీంను వెదురు కలంతో గీస్తే, ఆ ద్రవంలోని ఇనుము గుడ్డలోని కరక్కాయ వగరును తాకిన చోట నలుపు పుడుతుంది. కలంలో ఉన్నది నల్లసిరా కాదన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం. నలుపు గుడ్డ మీదే తయారవుతుంది.

ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్లు రాస్తారు. అప్పటికి ఆ చోటు కంటికి దాదాపుగా ఆనదు. రోజులు గడిచాక గుడ్డను పారే నీటిలో జాడించి, ఎర్రరంగునిచ్చే వేళ్లు, చెక్కలు వేసి మరిగిస్తే పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది, మిగతా చోట రంగు నిలవదు. ఫిలిం మీద కాంతి పడ్డాక, కడిగేదాకా కంటికి కనిపించకుండా దాగి ఉండే బొమ్మకు ఇంతకంటె మంచి పోలిక వెతికినా దొరకదు. గీసినవారి ఊహ అంతా గుడ్డలో దాగి ఉంటుంది. దాన్ని బయటికి తెచ్చేది మరిగించినవారు, స్వర్ణముఖి నీటిలో జాడించినవారు, ఇసుక మీద ఆరవేసి ఎండ తగులుతుండగా నీళ్లు చిలకరించినవారు. ఎంతసేపు మరిగించాలి, ఏ నీటిలో జాడించాలి, ఎంత ఎండ చాలు అన్న తీర్పులన్నీ ఈ రెండో పనిలోవే. ఈ పనుల్లో ఇంటి ఆడవాళ్ల చేయి ఎంతో ఉంటుంది. పురస్కారాలు మాత్రం సహజంగానే కలం పట్టినవారికి వెళ్తాయి.

రసాయనశాస్త్రం ఈ పోలికను మరికొంత బిగిస్తుంది. 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హర్షెల్ కనిపెట్టిన సైనోటైప్ కూడా ఇనుముతో చేసే పనే. అమ్మోనియం ఫెరిక్ సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ అనే రెండు లవణాల ద్రావణాలను కలిపి కాగితానికి పూసి ఎండలో పెడితే, వెలుగు తగిలిన చోట ఇనుము రూపం మారి ప్రష్యన్ నీలంగా స్థిరపడుతుంది. నీడలో ఉన్న భాగంలోని లవణాలు నీళ్లలో కొట్టుకుపోయి తెలుపు మిగులుతుంది. ఆ నీలి బొమ్మను చాకలి సోడా నీళ్లలో వెలవెలబోయేలా చేసి, ఆపైన కరక్కాయ కషాయంలో ముంచితే నీలం పోయి గోధుమ నలుపు వస్తుంది. ఇనుము, వగరు కలిసి పుట్టిన నలుపే కనుక, హర్షెల్ నీలం చివరికి శ్రీకాళహస్తి కసీం నలుపుకు దాయాదిగా మారినట్టే. రాయలసీమ ఎండలో సైనోటైప్‌కు పట్టే సమయం నిమిషాల లెక్కే కాబట్టి, ఖరీదైన దీపాల అవసరం కూడా లేదు.

సైనోటైప్‌ను పుస్తకానికి ఎక్కించినవారు ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్. సముద్రపు పాచిమొక్కలను కాగితం మీద పరిచి ఎండలో పెట్టి తీసిన నీలి ముద్రలతో ఆమె 1843లో మొదలుపెట్టిన సంపుటాలను ఛాయాచిత్రాలతో వెలువడిన మొదటి పుస్తకంగా లెక్కిస్తారు. ఆ మాట అందరూ చెప్పేదే. తరువాతి మాట అంతగా వినబడదు. 1852లో తండ్రి చనిపోయాక, చిన్ననాటి నుంచి తోబుట్టువులా పెరిగిన ఆన్ డిక్సన్ ఆమెకు తోడుగా వచ్చి ఉంది. 1853లో ఫెర్న్ మొక్కల మీద, 1854లో పూల మొక్కల మీద వచ్చిన సైనోటైప్ సంపుటాలు ఇద్దరూ కలిసి చేసినవి. పాచిమొక్కల పుటల్లో శాస్త్రీయమైన క్రమశిక్షణ ఎక్కువ. ఫెర్న్‌ల పుటల్లో కూర్పు విశాలమై, అలంకారం వైపు మొగ్గుతుంది. ఆ మొగ్గు ఎవరి చేతిదో విడదీసి చెప్పే వీలు లేదు. అయినా గ్రంథాలయ పట్టికల్లో చాలాకాలం ఒక్క పేరే నిలిచింది.

ఛాయాచిత్రకళలో తొలి గొప్ప జంట కూడా ఆ సంవత్సరాలదే. 1843లో స్కాట్లండ్ చర్చి చీలిపోయినప్పుడు, బయటికి వచ్చిన వందలాది మతబోధకుల ముఖాలన్నిటినీ ఒక పెద్ద తైలవర్ణ చిత్రంలో గీయాలని డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అనే చిత్రకారుడు సంకల్పించాడు. అన్ని ముఖాలు గుర్తుంచుకోవడం అసాధ్యమని గ్రహించిన భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్, కాగితపు నెగటివ్ నుంచి ముద్రలు తీసే కాలోటైప్ పద్ధతి నేర్చిన రాబర్ట్ ఆడమ్‌సన్‌ను అతనికి పరిచయం చేశాడు. చిత్రకారుడికి సాయంగా మొదలైన పని నాలుగున్నరేళ్లలో మూడు వేల దాకా చిత్రాలుగా పెరిగింది. ఎడిన్‌బరో మేధావులే గాక, న్యూహేవెన్ రేవులోని జాలరులు, చేపలమ్మే స్త్రీలు కూడా వాటిలో ఉన్నారు. కూర్చోబెట్టే తీరు, వెలుగు పడే దిక్కు హిల్‌వి. రసాయనం, కాగితం, కెమెరా ఆడమ్‌సన్‌వి అని సాధారణంగా చెబుతారు. ఈ పంపకం నిజమే అయినా పూర్తి నిజం కాదనడానికి ఆధారం విషాదకరమైనది. ఆడమ్‌సన్ 1848 జనవరిలో 26 ఏళ్లకే మరణించాడు. తరువాత హిల్ మరొకరితో కలిసి ఛాయాచిత్రాలు తీసినా అవి పాత చిత్రాల దరిదాపులకు రాలేదు. కళ అంతా హిల్‌దే అయి, ఆడమ్‌సన్ పని కేవలం సాంకేతికమే అయితే, సాంకేతిక నిపుణుడు మారినంత మాత్రాన కళ పోకూడదు కదా! 1866లో ముగిసిన ఆ పెద్ద చిత్రపటం కోసం ఇప్పుడు ఎవరూ హిల్‌ను తలచుకోరు. దానికి సాయంగా తీసిన ఫొటోల కోసమే తలచుకుంటారు.

ఇక పొరపాటు కథకు వస్తే, 1929లో పారిస్‌లో అమెరికన్ ఛాయాచిత్రకారుడు మాన్ రే చీకటిగదిలో ఆయన సహాయకురాలు లీ మిల్లర్ పనిచేస్తుండగా కాలి మీదుగా ఏదో పాకినట్టయి, ఉలిక్కిపడి దీపం వేసిందని ఆమే తరువాత చెప్పింది. ట్రేలో సగం తేలిన నెగటివ్‌ల మీద వెలుగు పడింది. పాడైపోయాయనుకున్న వాటిని బయటికి తీసి చూస్తే, రూపం అంచుల వెంట వెలుగు నీడలు తారుమారై, బొమ్మ చుట్టూ గీత గీసినట్టు సన్నని రేఖ ఏర్పడింది. ఇలా జరుగుతుందని 19వ శతాబ్దంలోనే తెలుసు. అప్పటిదాకా అది చీకటిగదిలో జాగ్రత్త పడవలసిన దోషం. ఇద్దరూ దాన్ని అదుపులోకి తెచ్చుకున్నాకే అది శైలి అయింది. ఎంతసేపు తేలనివ్వాలి, దీపం ఎన్ని క్షణాలు వేయాలి అన్నది ఎన్నో కాగితాలు పాడుచేసి కలిసి నేర్చుకున్న లెక్క. చరిత్రలో అది చాలాకాలం మాన్ రే సొలరైజేషన్‌గానే ఉండిపోయింది, మిల్లర్ పేరు అందులో దీపం వేసిన చెయ్యిగా మిగిలింది. దీపం వేయడమే ఆవిష్కరణ అని ఎవరూ అనరు గాని, ఆ నెగటివ్‌లను పారేయకపోవడంలో ఇద్దరి పాత్రా ఉంది.

లూసియా మొహోలీ విషయంలో అన్యాయం ఇంకా స్పష్టం. హంగరీ కళాకారుడు లాస్లో మొహోలీ-నాగీ, ఛాయాచిత్రకారిణి లూసియా 1921లో పెళ్లి చేసుకున్నారు. కెమెరా లేకుండా కాగితం మీదే వస్తువులు పెట్టి వెలుగు పరిచే ఫొటోగ్రామ్‌ల ఆలోచన, ఉన్నదాన్ని నకలు చేసే సాధనాలతో కొత్తదాన్ని ఉత్పత్తి చేయడం ఎలా అన్న 1922 నాటి సిద్ధాంత వ్యాసం, రెండూ ఇద్దరి చర్చల్లో పుట్టినవి. చీకటిగది పని తెలిసినది లూసియాకు. భాష మీద పట్టు కూడా ఆమెదే. ప్రచురణ మీద ఉన్నది లాస్లో పేరు. 1933లో నాజీల వల్ల బెర్లిన్ వదిలి పారిపోవలసి వచ్చినప్పుడు, జర్మనీలో పేరొందిన కళావిద్యాలయం బౌహౌస్ భవనాలను తాను తీసిన వందలాది గాజు నెగటివ్‌లను ఆమె అక్కడే వదలిపెట్టింది. అవి బౌహౌస్ స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ చేతికి చేరి, ఆమె పేరు లేకుండానే బౌహౌస్ కీర్తిని ప్రపంచమంతా మోశాయి. 1950లలో న్యాయపోరాటం తరువాత కొన్ని మాత్రమే ఆమెకు తిరిగి దక్కాయి. ఇద్దరి పనిలో ఎవరెంత అన్న విషయాన్ని ఆమె స్వయంగా పుస్తకంగా రాసింది 1972లో. అప్పటికి లాస్లో మరణించి పాతికేళ్లు దాటింది.

బెర్లిన్‌లోనే అదే కాలంలో ఇద్దరు యువతులు ఈ చిక్కును మొదట్లోనే తెంచేశారు. గ్రేటే స్టెర్న్, ఎలెన్ అవర్‌బాఖ్ 1930లో పెట్టిన స్టూడియోకు ఇంటిపేర్లు పెట్టకుండా చిన్నప్పటి ముద్దుపేర్లు కలిపి రింగెల్ ప్లస్ పిట్ అని పెట్టుకున్నారు. ఇంటిపేర్లు పెడితే ఇద్దరు యూదు వ్యాపారుల దుకాణంలా వినబడుతుందని వారి భయమట. అన్ని చిత్రాల మీదా ఆ జంట పేరే. తలనూనె ప్రకటన కోసం తీసిన ఒక చిత్రంలో నవ్వుతున్న అమ్మాయి నిజానికి బట్టల కొట్టు బొమ్మ. సీసా పట్టుకున్న చెయ్యి మాత్రం నిజమైన మనిషిది. ప్రకటనల్లో కనిపించే ఆడదాని రూపాన్ని ప్రకటనలోనే వెక్కిరించిన ఆ చమత్కారం ఒకరి బుర్రలో పుట్టిందో ఇద్దరి నవ్వులో పుట్టిందో గాని, జంట పేరు ఆ ప్రశ్నకు తావివ్వలేదు. 1933తో ఆ స్టూడియో మూతపడింది.

మన ప్రాంతపు పాఠకులకు అన్నిటికంటె త్వరగా అర్థమయ్యే జంట బహుశా హెదర్ ఆక్రాయిడ్, డాన్ హార్వే. బ్రిటన్‌కు చెందిన వీరు 1990 నుంచి కలిసి పనిచేస్తున్నారు. వీరి ఫొటో కాగితం గడ్డి. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందు అంకురార్పణ జరుగుతుంది. పుట్టమన్ను తెచ్చి పాలికల్లో నవధాన్యాలు చల్లి మొలకెత్తిస్తారు. పెళ్లిళ్లలో పాలికలు చూసినవారికి ఇంకో సంగతి తెలుసు: మూల చీకట్లో ఉండిపోయిన పాలికలో మొలకలు పచ్చబడవు, పాలిపోయి పసుపురంగులో సాగుతాయి. ఆకులో పచ్చదనం తయారవడానికి వెలుగు కావాలి. ఆ జంట ప్రయోగమంతా ఈ చిన్న నిజం మీద నిలబడింది.

ఇటలీలో మొదటిసారి కలిసి పనిచేస్తున్నప్పుడు ఒక గది గోడలను గడ్డితో కప్పారు. గోడకు ఆనించి మరిచిపోయిన నిచ్చెనను తీసేసరికి, దాని నీడ పడ్డ చోట గడ్డి పాలిపోయి నిచ్చెన ఆకారం గోడ మీద మిగిలి ఉంది. ఇంట్లో తివాసీ ఎత్తితే కింద కనబడే మచ్చలాంటిదే అది, ఎవరైనా చూసి ఊరుకునేదే. వారు ఆ మచ్చను ఫొటోగా చదివారు. తరువాత పద్ధతి ఇలా కుదిరింది: నిలువు చట్రం మీద జిగురు మట్టి పూసి గడ్డి గింజలు చల్లి, చీకటిగదిలో పెంచుతూ, మొలకల మీద ప్రొజెక్టర్‌తో ఒక నెగటివ్ వెలుగును రోజుకు గంటల తరబడి, వారం పైన వేస్తారు. వెలుగు ఎక్కువ పడ్డ చోట చిక్కని ఆకుపచ్చ, తక్కువ పడ్డ చోట లేత పసుపు, నడుమ అన్ని ఛాయలూ. ఒక్కో గడ్డిపోచ ఒక్కో చుక్క. మామూలు ఫొటోలో సెకనులో వందో వంతు పట్టే ఎక్స్‌పోజర్ ఇక్కడ రోజుల లెక్క.

ఈ బొమ్మకు ఒక జబ్బు ఉంది: పగటి వెలుగులో పెడితే పసుపు భాగం కూడా పచ్చబడి బొమ్మ చెరిగిపోతుంది, ఆరబెడితే పచ్చదనమే వెలసిపోతుంది. వేల్స్‌లోని గడ్డినేలల పరిశోధనశాల శాస్త్రవేత్తలు ముసలితనంలోనూ పచ్చదనం కోల్పోని గడ్డి రకాన్ని వృద్ధి చేస్తున్నారని తెలిసి, ఆ గడ్డితో బొమ్మలు పెంచి ఆరబెట్టి చూస్తే పచ్చదనం మరికొంతకాలం నిలిచింది. శాశ్వతంగా నిలవదు. అది లోపమని ఆ జంట అనుకోలేదు. వారి పనిలో తీయడం, కడగడం అన్న రెండు దశలూ కలిసిపోయి, పెంచడం అన్న మూడో క్రియ వచ్చింది. దానికి నీళ్లు పోసేవారు, వెలుగు కొలిచేవారు, గింజ మొలిచే వేళ కనిపెట్టేవారు కావాలి. సేద్యంలో ఒక్కరి కష్టం అనేది ఎక్కడా లేనట్టే ఇక్కడా లేదు. వరి నారుమడి పెంచినవారికి ఈ కళ గురించి ఎవరూ ఎక్కువ వివరించనక్కర్లేదు.

జపాన్ జంట నెర్హోల్‌లో విభజన పేరులోనే ఉంది. ఆలోచనను పిండిలా పిసకడం అన్న అర్థమున్న నెరు, చెక్కడం అన్న అర్థమున్న హోరు, రెండు క్రియలు కలిపి కట్టిన పేరది. పిసికేవారు గ్రాఫిక్ డిజైనర్ యోషిహిసా తనాకా, చెక్కేవారు శిల్పి ర్యూతా ఈదా. మనిషిని మూడు నిమిషాలు కదలకుండా కూర్చోమని చెప్పి వరుసగా వందలాది ఫొటోలు తీసి, ప్రింట్లన్నిటినీ దొంతరగా పేర్చి, పై నుంచి కత్తితో చెక్కుతూ పోతారు. కదలకుండా కూర్చున్నానని ఆ మనిషి అనుకుంటాడు. మూడు నిమిషాల్లో ముఖం ఎంత కదిలిందో చెక్కిన పొరల్లో చెట్టు వలయాల్లా బయటపడుతుంది. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కేవారు మానులో పొర ఎటు పోతుందో చూసుకుని ఉలి పెడతారు. ఈదా కత్తికి దొరికే పొర కాలం. తెలుగులో తీయడం, కడగడం అన్న జోడీకి నెర్హోల్ పేరు అచ్చంగా దీటైనదే, ఒక్క తేడాతో: వారు రెండు క్రియలనూ బోర్డు మీదికి ఎక్కించారు.

ఫ్రాన్స్ జంట పియెర్, గిల్ 1976 నుంచి చేస్తున్నది మన టచింగ్ పనికి దగ్గర. పియెర్ తీసిన ఫొటో మీద గిల్ రంగులు వేస్తాడు. మన స్టూడియోల్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటోకు చీర రంగు, నగల మెరుపు అద్దిన చేతికి పేరు లేదు. అక్కడ ఆ చేతికి సగం పేరు దక్కింది. అంతకు మించి ఆ పోలికను సాగదీయనక్కర్లేదు.

దక్షిణ భారతంలోనే జరిగిన ఒక పని ఈ చర్చను వేరే దారి పట్టిస్తుంది. బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., అక్కడే స్థిరపడిన బ్రిటిష్ ఛాయాచిత్రకారిణి క్లేర్ ఆర్నీ కలిసి 2000 నుంచి 2004 వరకు దక్షిణ భారత స్థానిక స్త్రీలు, వారి ఆచార వ్యవహారాలు అన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక చిత్రమాల చేశారు. శిల్పిగా శిక్షణ పొందిన పుష్పమాల అందులో ఎన్నో స్త్రీ వేషాలు తానే కట్టింది. రవివర్మ లక్ష్మీదేవి, వేలాంకణి మాత, పత్రికల్లో వచ్చిన పోలీసు ఫొటోలోని నిందితురాలు, కొలతల గళ్ల తెర ముందు వలస పాలకులు నిలబెట్టి తీసిన నీలగిరుల తోడ తెగ స్త్రీ, అన్నీ ఆమే. పాత చిత్రాన్ని తెరతో, వెలుగుతో, చీర మడతతో సహా తిరిగి కట్టి, మళ్లీ ఫొటో తీయడం ఇందులోని ప్రయోగం. రసాయనానికి ఇందులో ఏ పాత్రా లేదు. పరీక్షకు గురైనది ఫొటో మీద మనకుండే నమ్మకం.

తిరుపతి గంగమ్మ జాతర చూసినవారికి ఈ పని పరాయిగా తోచదు. మే నెలలో వారం రోజులపాటు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ ఇన్ని రూపాలు ధరించి, చివరికి దొర వేషంలో వాణ్ణి పట్టి చంపిందని కథ. మొక్కు ఉన్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని గుడికి వస్తారు. వేషం కట్టినవాళ్లు దాన్ని అబద్ధంగా భావించరు, చూసేవారూ భావించరు. అయితే వేషానికి ముఖం రాసేవారు, చీర కట్టేవారు, దారి పొడవునా పట్టుకుని నడిపించేవారు వేరే ఉంటారు. వేషగాడు తన రూపాన్ని తాను చూసుకోలేడు. పుష్పమాలకు క్లేర్ ఆర్నీ కెమెరా అవసరమైనది ఇందుకే. తెర ముందున్న మనిషికి వెలుగు ఎక్కడ విరిగిందో, కనుబొమ అసలు చిత్రంలో లాగా లేచిందో లేదో తెలియదు. అది చెప్పే కన్ను తెరకు ఇవతల ఉండాలి. ఆ పనిలో మీట నొక్కినవారిని ఫొటోగ్రాఫర్ అని, ఎదుట నిలబడినవారిని మోడల్ అని పిలిస్తే రెండు మాటలూ తప్పవుతాయి.

ఆడం బ్రూమ్‌బెర్గ్, ఆలివర్ చానరిన్ జంట ఇంకో అంచుకు వెళ్లింది. 2008లో బ్రిటిష్ సైన్యం వెంట అఫ్గానిస్తాన్ వెళ్లినప్పుడు వారు కెమెరాల బదులు 50 మీటర్ల ఫొటో కాగితపు చుట్టను పెట్టెలో పెట్టుకుని వెళ్లారు. ఇతర విలేఖరులు ఫొటో తీసే సంఘటన జరిగిన ప్రతిసారీ కొన్ని మీటర్ల కాగితం విప్పి 20 సెకన్లు ఎండ చూపించి మళ్లీ చుట్టేశారు. వచ్చినవి రంగు మరకలు మాత్రమే. యుద్ధాన్ని సైన్యం చూపదలచినట్టుగా చూపడానికి నిరాకరించడమే ఆ మరకల్లోని విషయం అని వారి వాదం. వాదం బలమైనదే, చిత్రాలుగా అవి చూపరిని ఎంతసేపు నిలబెడతాయన్నది మరో మాట. 2021లో ఆ జంట విడిపోతూ, చనిపోయిన కళాకారుడి ఆస్తి పంచినట్టు, తమ జంట పేరుకే మరణం ప్రకటించి ప్రదర్శన పెట్టింది. మనుషులు ఇద్దరూ బతికే ఉండగా కళాకారుడు మరణించడం జంటల విషయంలోనే సాధ్యం.

ఇది కేవలం చమత్కారం కాదు, చట్టం దాకా పోయే ప్రశ్న. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఫొటోకు కర్త "ఫొటో తీసిన వ్యక్తి". తెలుగు భాషలోని రెండు క్రియల్లో మొదటిదాన్నే చట్టమూ ఎంచుకుంది. 2012 సవరణ తరువాత ఫొటోలకు కూడా కర్త మరణానంతరం 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. ఉమ్మడి కర్తలైతే ఆ లెక్క చివరగా మరణించినవారి నుంచి మొదలవుతుంది. కాబట్టి కర్త ఒకరా ఇద్దరా అన్నది పేరు గొడవగా మాత్రమే మిగలదు. ఉమ్మడి కర్తృత్వానికి చట్టం పెట్టిన షరతు ఇంకా ఆసక్తికరం: ఒకరి పని ఇంకొకరి పని నుంచి విడదీయరానిదై ఉండాలి.

ఆ షరతుకు అచ్చుగుద్దినట్టు సరిపోయే జంట జర్మనీకి చెందిన బెర్న్‌ట్, హిల్లా బెఖర్. 1959 నుంచి నీటి ట్యాంకులు, కొలుములు, గనుల గోపురాలను మబ్బు పట్టిన ఆకాశం కింద ఒకే కోణంలో తీసి గళ్లుగా పేర్చినవారు వీరు. అంత నిగ్రహమున్న పనికి ప్రయోగం అన్న మాట అమరుతుందా అని సందేహించవచ్చు గాని, 1990 వెనిస్ బియెనాలే అంతర్జాతీయ కళాప్రదర్శనలో వారికి శిల్పకళా విభాగంలో బహుమతి వచ్చిందంటే, ఫొటో అంటే ఏమిటన్న హద్దును వారు జరిపారనే. ఏ ఫొటో ఎవరు తీశారో బయటివారికి తెలియదని, తమకే తరచు గుర్తుండదని వారు చెప్పేవారు. పుష్పమాల, క్లేర్ ఆర్నీల పని ఆ కొలతకు అంత సులువుగా లొంగదు. మీట ఒకరిది, దేహం, ఊహ ఇంకొకరివి. రెండూ స్పష్టంగా వేరు. వారు రెండు పేర్లతో ప్రదర్శించడం చట్టం అడిగిన దానికంటె న్యాయమైన ఏర్పాటు.

కెమెరా లేని చోట చిక్కు మరింత ముదురుతుంది. ఛాయాచిత్రాన్ని పోలిన ఏ ప్రక్రియలో తయారైనదైనా ఫొటోగానే లెక్క అని అదే చట్టం నిర్వచిస్తుంది కనుక సైనోటైప్ కూడా ఫొటోయే. శ్రీకాళహస్తిలో ఒక ఇంటి మిద్దె మీద ఇద్దరు కలిసి కరక్కాయ కొమ్మను పూతపూసిన గుడ్డ మీద పరిచి, ఎండలో పెట్టి, తీసి, తొట్టిలో జాడించారనుకుందాం. ఇందులో ఫొటో తీసిన వ్యక్తి ఎవరు? కొమ్మను పేర్చినవారా, గాజు పలక మోపి ఎండను కనిపెడుతూ కూర్చున్నవారా, నీళ్లలో జాడించినవారా? ఎండలోంచి తెచ్చినప్పుడు ఆ గుడ్డ మీద ఉండేది కంచురంగు బూడిద ఛాయ. అందులోని నీలం తేటగా కనబడేది కడిగినప్పుడే.